పుట్టిన బిడ్డకు ఎంత కావలెను?

ఒక యింట బిడ్డ పుట్టబోవుచున్నదనగా ఆ యింటివారికి రెండు పనులు కలుగును. ఒకటి తల్లిని కనిపెట్టుకొని యుండుట, రెండవది వస్తువులను సమకూర్చుట. పూర్వము మొదటి పని పెద్దదిగను, రెండవది చిన్నదిగను ఉండెడిది. నేడు ఈ క్రమము తారుమారైనది. కాన్పునకు ముందుగనో, పురుడు వెళ్ళిన వెంటనేనో పట్టణమునకు పోయి మెత్తని పరుపు, దిండ్లు, పాలసీసాలు, పౌడరు డబ్బాలు, స్నానపు తొట్టి, త్రోపుడు బండి, వాకరు, గిలకలు, మేజోళ్ళు, ఇంకను పేరు తెలియని వస్తువులెన్నియో కొని తెత్తురు. చూడవచ్చిన బంధువులు వానిని తాకి చూచి మెచ్చుకొందురు. వీనిలో బిడ్డకు నిజముగా కావలసినవి యేవి యని అడుగువారు అరుదు. ఇది గృహస్థుని జమాఖర్చునకు సంబంధించిన విషయమే గాని ధర్మవిచారమున దీనికేమి పని యని కొందరు అనవచ్చును. కాయకమును, దాసోహమును జీవనమార్గముగా చెప్పుకొను మన యిండ్లలో ఇది తప్పక విచారింపదగిన ప్రశ్నయే. ఏలయనగా ఇచ్చట ఎన్నుకొనువాడొకడు, అనుభవించువాడు వేరొకడు.

పెద్దలు తమకు తాము నియమము విధించుకొనవచ్చును. ఒక్కపూట భుజింతుననియు, రెండు జతల బట్టలతో గడుపుదుననియు ఎవరైనను నిశ్చయించుకొన్నచో, ఆ లోటును భరించువారు వారే గనుక ఇతరులు ఆక్షేపింపరు. పసిబిడ్డ విషయము అట్టిది కాదు. ఆ బిడ్డ ఏ వ్రతమును పట్టలేదు. చలివేసినను, ఆకలియైనను ఏడ్వగలదు, అంతకు మించి చెప్పలేదు. కావున తండ్రి తన నిరాడంబరతను ఆ బిడ్డ మీద రుద్దుటకు అధికారి యగునా? కాడనియే చెప్పవలెను. అట్లయిన తన ఆడంబరమును రుద్దుటకు మాత్రము ఎట్లు అధికారి యగును? ఈ రెండవ ప్రశ్నను మనము సాధారణముగా అడుగము. బిడ్డకు లోటు చేసినవానిని లోకము నిందించును. అతి చేసినవానిని ముద్దుగా మందలించి ఊరకుండును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన పాఠకులకు క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు, అనగా నేటి బీదరు జిల్లా బసవకల్యాణమందు, మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే తన కాయకముగా జీవించెను. ఆయ్దక్కి యను కన్నడ పదమునకు ఏరిన బియ్యమనియే అర్థము. ఒకనాడతడు నిత్యము తెచ్చు దానికంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. మనకు చాలినదానికి మించినది మనది కాదు, మిగిలినదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను.

ఈ కథను చెప్పునప్పుడు లక్కమ్మ స్వల్పముతో తృప్తిపడినదని మెచ్చుకొనుట వాడుక. నాకు ఆ వ్యాఖ్య చాలినదిగా తోచదు. ఆమె ఆనాటికి కావలసిన బియ్యములో ఒక్క గింజయైనను తగ్గింపలేదు. ఇంటికెంత, దాసోహమునకెంత యని ఆమెకు ముందే తెలిసియుండెను గనుకనే మూటను చూచినంతనే అది ఎక్కువయని కనిపెట్టగలిగెను. కొలత తెలియనివారికి ఎక్కువయు తెలియదు, తక్కువయు తెలియదు. మన యిండ్లలో బిడ్డ కొరకు వస్తువులు పోగగుటకు కారణము దురాశ కంటె ఈ తెలియమియే యని నా అభిప్రాయము. బిడ్డకేమి కావలెనో తెలియని భయముతో అన్నియు కొందుము. అంగడివాడు ఆ భయమును మనకంటె బాగుగా ఎరిగినవాడు.

కొలత తెలియుటకు మన సాహిత్యములోనే ఒక తల్లి కలదు. పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున రచించిన బసవపురాణమందలి బెజ్జమహాదేవి కథను పెద్దలు చదివియుందురు. శివునకు తల్లి లేదను తలంపు ఆమెను బాధించెను. తల్లియే యున్నచో శివుడు విషము త్రాగునా, పాములను ధరించునా, శ్మశానమున తిరుగునా యని ఆమె వగచి, తానే తల్లియై శివుని పసిబిడ్డగా పెంచుటకు పూనుకొనెను. లోకమునకంతటికి ప్రభువైన వానికి ఏమి లోటని ఆమె చూచినది? వానికి సింహాసనము లేదని గాని, భూషణములు లేవని గాని ఆమె విచారింపలేదు. నీళ్ళు పోసి, ఒడిలోనికి తీసికొని, పాలిచ్చు మనిషి లేదని విచారించినది. పిమ్మట ఆ శిశువు ఆమెను పరీక్షింపదలచి నోటి జబ్బును నటించి పాలు మానినప్పుడు ఆమె ప్రాణమే విడువ సిద్ధమయ్యెను. పాలు త్రాగని బిడ్డ యెదుట తక్కిన సమస్త సంభారములును వ్యర్థములని ప్రతి తల్లియు ఎరుగును. తండ్రులే ఒక్కొక్కసారి మరచుచుందురు.

ఇక బిడ్డ దేహమునే అడుగుదము. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చు ముర్రుపాలను చెడుపాలని పిండి పారబోయు అలవాటు మన పల్లెలలో చాలకాలముండెను. రోగములను నిరోధించు శక్తి ఆ పాలలోనే మెండుగా నున్నది. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేదియు అక్కరలేదు. మన వేసవియందును మంచినీరు కూడ అక్కరలేదు, ఆ నీరు పాలలోనే యున్నది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె నాకించుట శుభమని కొందరందురు. సంవత్సరము నిండని బిడ్డకు తేనె ప్రమాదకరమని, దానియందుండగల ఒక సూక్ష్మజీవి వలన కండరములు చచ్చుబడు జబ్బు రాగలదని వైద్యులు స్పష్టముగా చెప్పుచున్నారు.

పాల తరువాత వెచ్చదనము. అంతవరకు గర్భములో నున్న ప్రాణి బయటి గాలికి వచ్చుటతోనే వేడిని కోల్పోవును. అందుచేతనే మొదటి స్నానమును ఒక దినమైనను ఆపవలెనని నేటి వైద్యము చెప్పుచున్నది. పుట్టిన వెంటనే తెచ్చి కాగులో నీళ్ళు పోయుట మనవారు శుచి యనుకొందురు గాని బిడ్డకు అది చలి. పొడిగుడ్డతో తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్మున చేర్చి, ఇద్దరి మీదను ఒక దుప్పటి కప్పిన చాలును. కొలంబియా దేశమునందలి బొగోటా నగరములో ఒక ఆసుపత్రియందు 1978లో ఎడ్గార్ రే అను వైద్యుడు, బిడ్డలను వెచ్చగా ఉంచు యంత్రములు చాలక, బరువు తక్కువగా పుట్టిన పసికందులను తల్లుల రొమ్ములకు కట్టి ఉంచు పద్ధతిని ప్రారంభించెను. కంగారూ జంతువు తన పిల్లను సంచిలో మోయు తీరును పోలియుండుటచే దానికా పేరు వచ్చినది. లేమిలో పుట్టిన ఆ ఉపాయమును నేడు ధనిక దేశముల ఆసుపత్రులును అనుసరించుచున్నవి. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డలకును, బరువు తక్కువైన బిడ్డలకును పుట్టినది మొదలు ఇట్లు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసినది. యంత్రము అక్కరలేదని నేననుట లేదు. రోగగ్రస్తమైన బిడ్డకు యంత్రమే దిక్కు కావచ్చును. ఆ ఖర్చునకు వెనుదీయుట నిరాడంబరత యనిపించుకొనదు.

బట్టల మాట. మొదటి వారము గడచిన పిదప, పాలు చక్కగా త్రాగు బిడ్డ దినమునకు ఆరుసార్లకు తక్కువ కాకుండ మూత్రము విడుచును. కావున రెండు డజన్ల మెత్తని నూలుగుడ్డలు కావలెను, వానకాలమున ఆరవు గనుక మరికొన్ని. నాలుగైదు వదులు చొక్కాలు, రెండు మూడు పొత్తిగుడ్డలు, ఒక బొంత, ఒక దోమతెర. అవ్వగారి పాతచీర ఏండ్ల తరబడి ఉతుకుడు పడి ఎంత మెత్తనగునో, అంత మెత్తని క్రొత్తబట్ట అంగడిలో దొరకుట కష్టము. పురుడు వెళ్ళువరకు బిడ్డకు క్రొత్తబట్ట వేయరాదను ఆచారము పలు యిండ్లలో నున్నది. జననసూతకమును పాటింపని మనకు మైల కారణముగా దానిని ఆచరించుటలో అర్థము లేదు. చర్మమునకు సుఖమని ఆచరించినచో అర్థమున్నది. ఆ పాతగుడ్డను ఉతికి ఎండలో ఆరవేసియుండవలెను సుమా.

ఇంతవరకు చెప్పినదానిలో కొనవలసినది స్వల్పము. మిక్కిలి ముఖ్యమైన మరియొకటి మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగనే లభించును. క్షయ నివారణకు బి.సి.జి. టీకా, పోలియో చుక్కలు, ఇరువది నాలుగు గంటలలోపల వేయవలసిన హెపటైటిస్ బి సూది, ఇవి పుట్టగానే బిడ్డకు రావలసినవి. మన దేశమున 1971లో వేయిమంది బిడ్డలు పుట్టిన, ఏడాది తిరుగక మునుపే 129 మంది చనిపోవుచుండిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రమైన నీరు, తల్లుల చదువు ఈ ప్రాణములను నిలిపినవి. త్రోపుడు బండ్లు కాదు.

కొన్ని వస్తువులు అక్కరలేకపోవుటయే గాక హానియును చేయును. పాలసీసాను సరిగా కాచి శుభ్రపరచుట సామాన్యముగా సాగని పని, అందుండియే విరేచనములు వచ్చును. పాలపొడి వ్యాపారులు తల్లులను మభ్యపెట్టకుండుటకై 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక నియమావళిని ఆమోదించినది. మన పార్లమెంటు 1992లో పాలపొడికిని, పాలసీసాకును ప్రచారము చేయరాదని చట్టమే చేసినది. తల గుండ్రముగా రావలెనని పెట్టు ఆవాలదిండు, చుట్టును పేర్చు మెత్తని దిండ్లు బిడ్డ ఊపిరికి అడ్డము కాగలవు. గట్టిగా, సమముగా నున్న పడకపై వెల్లకిల పరుండబెట్టుటయే క్షేమము. కంటికి కాటుక వలదని వైద్యులు మొత్తుకొనుచున్నారు, కొన్ని కాటుకలలో సీసము కలిసియుండును. వాకరులో కూర్చున్న బిడ్డ మెట్లవైపునకు, పొయ్యివైపునకు క్షణములో దొర్లిపోవును గనుక కెనడా దేశము 2004లో వాని అమ్మకమునే నిషేధించినది. మనమో, వానిని బాలసారెలో పెట్టి పంపుచున్నాము.

బాలసారె పేరు వచ్చినది గనుక అసలు బాధను చెప్పవలెను. తొలికాన్పు పుట్టింట జరుగవలెనను ఆచారములో గొప్ప దయ కలదు. బాలింతకు కన్నతల్లి చెంత దొరకు విశ్రాంతి మరెచ్చటను దొరకదు. ఆ దయను మనము పట్టీగా మార్చితిమి. వెండి మొలత్రాడు, మురుగులు, ఉగ్గుగిన్నె, తొట్టెల, పరుపు, అత్తవారింటి ఆడపడుచులకు చీరలు, ఇవి ఇంతింత యుండవలెనని కొందరు నోటితో అడుగుదురు, కొందరు అడుగక మౌనముతో తెలుపుదురు. పెండ్లి అప్పు తీరని తండ్రి ఈ సారె కొరకు మరల వడ్డీకి తెచ్చును. నేనెరిగిన ఒక యింట మనుమరాలు పుట్టినప్పుడు తొట్టెలకు వెండిగంటలు తెచ్చిరి. అదే దినములలో ఆ బాలింతకు పథ్యము పేరిట కారప్పొడియు, వెల్లుల్లియు కలిపిన అన్నమే రెండు పూటల పెట్టిరి. పప్పు వలదు, కూర వలదు, నీరు తగ్గించవలెను. పాలిచ్చు తల్లికి మొదటి ఆరు నెలలు దినమునకు సుమారు 600 కెలోరీల ఆహారము అదనముగా కావలెనని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. అనగా పప్పు, పాలు, ఆకుకూర, పండు. వెండిగంటలు ఎవరికి మ్రోగినవో గాని ఆ బిడ్డకు చేరవలసిన ఆహారము తల్లి పళ్ళెములోనే తగ్గిపోయినది. బిడ్డకు కావలసిన వస్తువుల పట్టీ ఎవరైనను వ్రాసినచో దానిలో మొదటి వరుస తల్లి భోజనము, రెండవది తల్లి నిద్ర కావలెను. ఆడబిడ్డ పుట్టినదని ఈ రెంటిని కుదించు యిండ్లున్నవి. స్త్రీపురుష భేదము లేదని అనుభవమంటపమున చాటిన బసవేశ్వరుని పటము అట్టి యిండ్ల గోడల మీదను వ్రేలాడుచునే యుండును.

ప్రభుత్వములును ఈ కొలతను వెదకినవి. ఫిన్లండు దేశము 1938లో పేద తల్లులకును, 1949 నుండి తల్లులందరికిని ఒక పెట్టెను ఇచ్చుచు వచ్చినది. బట్టలు, పక్కదుప్పట్లు మొదలైనవి దానిలో నుండును. ఖాళీ చేసిన పెట్టెయే అడుగున చిన్న పరుపుతో బిడ్డకు తొలి పడకయగును. దానిని పొందవలెనన్న గర్భిణి నాలుగవ నెల ముగియక ముందే వైద్యపరీక్షకు పోవలెను. వస్తువును ఎరగా చూపి వైద్యమును అందించిన ఆ తెలివి మెచ్చదగినది. ధనికురాలికిని, పేదరాలికిని ఒకే పెట్టె యగుటచే పోల్చి చూచుకొనుటయు తగ్గును. తెలంగాణమున 2017లో, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు జరిగిన తల్లులకు నగదు సాయముతోపాటు ఒక వస్తువుల సంచిని ఇచ్చు పథకము ప్రారంభమైనది. దానిలో దోమతెర యుండుట నాకు సంతోషమును కలిగించెను. పౌడరు లేకున్న ఇంకను బాగుండెడిది.

మన బిడ్డకు ఇష్టలింగము సంగతి వేరుగా చెప్పవలెను. జంగమయ్య చేతులమీదుగా అది బిడ్డకు చేరుట మన ఆచారము. లోకమిచ్చు వస్తువులన్నియు నెలలలో చిన్నవగును, అది ఆ జన్మాంతము ఉండును. అయినను పసికందు మెడలో ఏ దారమైనను, గొలుసైనను, నల్లపూసలైనను నిద్రలో బిగియు ప్రమాదము కలదు. లింగధారణము జరిగిన పిదప తల్లి దానిని తన యొద్ద భద్రముగా ఉంచుట మేలని నాకు తోచుచున్నది. ఈ విషయమున మఠాధిపతులు తమ భక్తులకు స్పష్టముగా ఉపదేశించినచో తల్లులకు సంకోచము తొలగును.

ఇంత చెప్పిన పిమ్మటను ఒక ఆక్షేపణ మిగిలియున్నది. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. బాల్యమున చిరుగుబట్టలతో, చెప్పులు లేక పెరిగిన తండ్రి నేడు నాలుగు రూపాయలు సంపాదించి, నేను పడినది నా బిడ్డ పడరాదని కొన్నచో అతనికి లక్కమ్మ కథను చెప్పుటకు మనకు నోరాడునా? సుఖములో పెరిగినవాడు నిరాడంబరతను బోధించుట సులభము. ఆ తండ్రి కొనుచున్నది బిడ్డ కొరకు కాదు, చాలకాలము క్రిందటి తన కొరకు. అందుచే అతనిని నిందింపను. ఒక్క విషయమును మాత్రము అతని యెదుట ఉంచుదును. బిడ్డ అయిదు నెలలకు పుట్టిన బరువునకు రెట్టింపగును, ఏడాదికి మూడింతలగును. పుట్టినప్పుడు వేసిన చొక్కా మూడవ నెలలో భుజము దాటదు. మిక్కిలి వెలపెట్టి కొన్నదియు నూరు దినముల సరకే. ఆ ధనమును బిడ్డ పేర పోస్టాఫీసులో వేసినచో బడికి పోవునాటికి అది పెరిగియుండును. చెప్పులు లేని ఆ బాలునకు నిజముగా లోటైనది చదువో, వైద్యమో కావచ్చును. అది అతనికే తెలియును.

చొక్కా నూరు దినములకే చిన్నదగునన్నచో, ఆ తరువాత దాని గతియేమి? మన పెద్దల యిండ్లలో కొయ్య తొట్టెల ఒకటే యుండెడిది. అన్న బిడ్డకు, తమ్ముని బిడ్డకు, పొరుగింటి బిడ్డకు అది తిరుగుచుండెడిది. ఎవరి యింటికి పోయినను దానిని కడిగి, నూనె రాచి కట్టెడివారు. నేడు ప్రతి యింటి అటక మీదను ఒక తొట్టెల దుమ్ము పట్టి పడియున్నది. లక్కమ్మ అధికమైన బియ్యమును పారవేయించలేదు, మరియొకరికి దొరకునట్లు తెచ్చిన చోటికి పంపినది. దాసోహమనగా పంక్తిలో అన్నము పెట్టుట యొక్కటే యని తలపక, మన మఠములు ఒక గదిలో నాలుగు తొట్టెలను, దోమతెరలను, ఉతికి ఆరవేసిన పొత్తిగుడ్డల మూటలను ఉంచి, అడిగినవారికి ఇచ్చి, పనితీరిన పిదప తిరిగి తీసికొను ఏర్పాటు చేయవచ్చును. దీనికి నిధి అక్కరలేదు, ఒక లెక్కపుస్తకమును, దానిని చూచు ఒక అక్కయు చాలును. మఠమునకు వచ్చి అడుగుటకు సిగ్గుపడు కుటుంబములుండును. వారి యింటికి జంగమయ్య నామకరణమునకు వెళ్ళునాడే ఆ మూటను తన వెంట తీసికొని పోవచ్చును. ఉన్నవారి యింటికిని అట్టి మూటయే పోవలెను. అప్పుడు అది ఎవరికి లేమి గుర్తో ఊరిలో ఎవరికిని తెలియదు.